ఒంటిచక్రం సైకిల్ సీటు మీద నొప్పి లేకుండా కూర్చోవడం ఎలా

ఒంటిచక్రం సైకిల్ తొక్కేవారిని ఇంకా దూరం ఎందుకు వెళ్ళడం లేదని అడిగి చూడండి. కాళ్ళు లాగుతున్నాయని చెప్పేవారు తక్కువ. గజ్జల్లో ఒరుసుకుపోతోందని, తొడల లోపలి వైపు మంట పుడుతోందని, కాసేపటికి కింద తిమ్మిరెక్కుతోందని చెప్పేవారే ఎక్కువ. సిగ్గుపడి ఏమీ చెప్పకుండా ఊరుకునేవారు ఇంకొందరు. పడుతూ లేస్తూ, మోచేతులు గీసుకుపోతున్నా పట్టుదలగా నేర్చుకున్న విద్యను సీటు బాధ భరించలేక మూలన పడేస్తుంటే చూడటం నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఈ బాధలో చాలా భాగం ఒక పానా, నాలుగు వాషర్లు, సరైన నిక్కరు, కొంచెం ఓపిక ఉంటే పోయేదే.

నల్లగొండ పట్టణం నుంచి పానగల్‌కు, మహబూబ్‌నగర్ నుంచి పిల్లలమర్రికి దూరం ఇంచుమించు నాలుగేసి కిలోమీటర్లు. మీ మొదటి గురి అదే పెట్టుకోండి. ఆ నాలుగు కిలోమీటర్లు తొక్కి, పానగల్‌లో ఛాయా సోమేశ్వరాలయం దగ్గరో పిల్లలమర్రిలో మర్రి ఊడల నీడలోనో దిగినప్పుడు కాళ్ళు ఎడం చేసుకోకుండా మామూలుగా నడవగలగాలి. కింద చెప్పిన పనులు ఇదే వరుసలో చేయండి. అందరూ మొట్టమొదట చేసే పని, అంటే మెత్తటి జెల్ కవరు కొని తొడగడం, నా లెక్కలో ఆఖరిది. చాలామందికి ఆ అవసరమే రాదు.

ఏ నొప్పి ఏమిటో ముందు తేల్చుకోండి

మామూలు సైకిల్ మీద మన బరువును చేతులు, కాళ్ళు, సీటు పంచుకుంటాయి. అలసిపోతే తొక్కడం ఆపి, పెడళ్ళ మీద లేచి నిలబడి, బండిని దాని మానాన పోనివ్వవచ్చు. ఒంటిచక్రానికి హ్యాండిల్ ఉండదు. క్రాంకులు, అంటే పెడళ్ళను పట్టి ఉంచే కడ్డీలు, నేరుగా చక్రం ఇరుసుకే బిగించి ఉంటాయి కనుక చక్రం తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాల్సిందే. వెన్ను నిటారుగా ఉంటుంది, బరువు సూటిగా కిందికి దిగుతుంది.

ఆ బరువును మోయాల్సినవి పిరుదుల అడుగున రెండు వైపులా చేతికి తగిలే ఎముకలు. గట్టి బల్ల మీద అరచేతుల పైన కూర్చుంటే ఆ రెండు గుబ్బలూ మీకే తెలుస్తాయి. అయితే తొడలు ఆడటానికి వీలుగా ఈ సీటును సన్నగా, ముందూ వెనకా పైకి లేచే వంపుతో తయారు చేస్తారు. దాంతో ఎముకలకు సగం ఆసరాయే దొరికి, మిగతా బరువు వాటి నడుమనున్న మెత్తటి భాగం మీద పడుతుంది. జననాంగాలకు వెళ్ళే నరాలు, రక్తనాళాలు అక్కడి నుంచే పోతాయి. అవి నలిగితే తిమ్మిరి వస్తుంది. ఈ విషయంలో ఆడవారికీ మగవారికీ తేడా లేదు.

కాబట్టి దిగగానే ఒక్క నిమిషం ఆలోచించండి. ఎముకల దగ్గర సలుపుగా ఉంటే అది కొత్తవల్ల వచ్చేది. రోజు విడిచి రోజు తొక్కుతుంటే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. చర్మం మండుతుంటే అది ఒరిపిడి; బట్టలు, సీటు ఎత్తు, సీటు వంకర చూసుకోవాలి. తిమ్మిరెక్కితే మాత్రం అది అలవాటయ్యే బాధ కాదు. తిమ్మిరిని ఓర్చుకుని తొక్కేవాడు గట్టివాడని కొందరు మెచ్చుకుంటారు. దయచేసి ఆ మెచ్చుకోలు కోసం తొక్కకండి. తిమ్మిరి మొదలైన క్షణమే దిగిపోవాలి.

సీటు ఎత్తు

గోడ పక్కన బండి నిలిపి, ఒక చెయ్యి గోడకు ఆనించి సీటు మీద కూర్చోండి. ఒక పెడల్ పూర్తిగా కిందికి వచ్చేలా తిప్పి, దాని మీద మడమ పెట్టండి. మోకాలు దాదాపు నిటారుగా సాగాలి. అలా సాగడానికి నడుము ఒక పక్కకు ఒరగకూడదు. ఆ తర్వాత తొక్కేటప్పుడు పెట్టినట్టే పాదం ముందు భాగాన్ని పెడల్ మీదికి తెస్తే మోకాలు కొద్దిగా వంగుతుంది. సరైన ఎత్తు అదే.

సీటు మరీ పైన ఉంటే ప్రతి తొక్కుకూ నడుము అటూ ఇటూ ఊగి, కింది చర్మం సీటుకు రాపిడి పడుతుంది. మరీ కింద ఉంటే మోకాళ్ళు పైకి లేచి, తొడ కండరాలు తొందరగా అలసిపోతాయి. అలసిన మనిషి సీటు మీద బస్తాలా కూలబడతాడు, నొక్కుడు పెరుగుతుంది. ఇంకా ఎక్కడం సరిగా రానివారు సీటును రెండు సెంటీమీటర్లు తగ్గించి పెట్టుకున్నా పరవాలేదు. నమ్మకం కుదిరాక మళ్ళీ పెంచుకోండి.

సీటు కింద ఫ్రేములోకి దిగే పైపు మీద ఒక గీత చెక్కి ఉంటుంది. ఆ గీత ఎప్పుడూ ఫ్రేము లోపలే ఉండాలి, బయటికి కనిపించేంత పైకి లాగితే పైపు విరగవచ్చు. పొట్టివారికి సీటు ఎంత దించినా ఇంకా ఎత్తుగానే ఉంటే, సైకిల్ షాపులో పైపు అడుగును రంపంతో కోయించి, అంచులను ఆకురాయితో నున్నగా చేయించండి. కోసిన తర్వాత కూడా తగినంత పైపు ఫ్రేములో ఉండేలా ముందే కొలుచుకోండి. కొత్త పైపు కొనాలంటే పాతదాని మీద కొలత చూసి వెళ్ళండి. 22.2, 25.4, 27.2 మిల్లీమీటర్ల లావులో ఇవి ఎక్కువగా వస్తాయి. ఒకదాని బదులు ఒకటి పట్టదు.

సీటు వాలు

ఎత్తు కుదిరాక ముందువైపు ఎంత లేచి ఉందో చూడండి. తొక్కుతుంటే మీరు మెల్లగా ముందుకు జారిపోతున్నారా, మాటిమాటికీ వెనక్కి సర్దుకోవలసి వస్తోందా? అయితే ముందువైపు కొద్దిగా పైకి లేవాలి. ఎముకల దగ్గర బాగానే ఉండి, ముందువైపు మాత్రమే నొక్కి తిమ్మిరెక్కుతోందా? అయితే ముందువైపు కొద్దిగా దిగాలి. ఈ రెండు ప్రశ్నలు చాలు.

వాలు మార్చుకునే ఏర్పాటున్న పైపు ఖరీదైన బండ్లకే వస్తుంది. మామూలు బండికి పైపు నెత్తిన ఒక ఇనుప ప్లేటు, దానికి సీటును పట్టే నాలుగు బోల్టులు ఉంటాయి. ఆ నట్లను వదులు చేసి, ముందువైపు లేవాలంటే ముందున్న రెండు బోల్టులకు, సీటుకూ ప్లేటుకూ మధ్యలో ఒక్కో వాషరు వేయండి. ముందువైపు దిగాలంటే వెనక రెండింటికీ వేయండి. రెండు మూడు మిల్లీమీటర్ల మందం వాషరుకే తేడా బాగా తెలుస్తుంది. నట్టు బిగించిన తర్వాత బోల్టు మర నట్టు దాటి కాస్తయినా బయటికి కనిపించాలి. కనిపించకపోతే వాషర్లు ఎక్కువయ్యాయి, ఒకటి తీసేయండి. ఒకే రోజున ఎత్తునూ వాలునూ కలిపి మార్చకండి. దేనివల్ల సుఖం వచ్చిందో, దేనివల్ల చెడిందో తేలదు.

సీటు వంకర

ఒక పక్క తొడే మండుతోందంటే తొంభై పాళ్ళు ఇదే కారణం. బండి కింద పడినప్పుడల్లా సీటు నేలకు తగిలి పైపుతో సహా కొంచెం తిరుగుతుంది. కంటికి ఆనదు కానీ చర్మానికి తెలుస్తుంది. బండి వెనక గొంతుకు కూర్చుని, ఒక కన్ను మూసి, సీటు మధ్యగీత, టైరు మధ్యగీత ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూడండి. సరిచేసి బిగించాక, పైపు ఫ్రేములోకి దిగే చోట రెంటి మీదుగా గోళ్ళ రంగుతో సన్నటి నిలువు గీత ఒకటి గీయండి. సీటు తిరిగినా, కిందికి జారినా ఆ గీత విడిపోతుంది. ఎక్కే ముందు ఒక్క చూపు చాలు.

అదే చూపులో పెడళ్ళూ చూసుకోండి. వాటి మీద ఎడమ, కుడి గుర్తులుంటాయి. ఎడమ పెడల్ మర ఎదురు మర, అంటే ఎడమకు తిప్పితే బిగుసుకుంటుంది. సీటును వెనకముందులుగా బిగించి తొక్కితే ఎడమ పెడల్ కుడి వైపుకు, కుడిది ఎడమ వైపుకు వచ్చి, పెడళ్ళు తమంతట తామే ఊడివస్తాయి, క్రాంకు మర పాడవుతుంది. చాలా సీట్లకు సన్నటి కొస ముందు, వెడల్పు భాగం వెనక.

బరువు ఎక్కడ పెట్టాలి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. తొందరపడకండి.

కొత్తవారు పడిపోతామన్న భయంతో పెడళ్ళ మీద నిలబడినట్టు తొక్కుతారు. సీటు ఊరికే కాళ్ళ మధ్య ఉంటుంది. అర కిలోమీటరుకే తొడలు వణుకుతాయి. ఆ అలసటలో ఒక్కసారిగా సీటు మీద కూలబడి, ఎక్కడ పడితే అక్కడ బరువు వేస్తారు. కాబట్టి మొదట నేర్చుకోవాల్సింది సీటు మీద నిండుగా కూర్చోవడం. నల్లగొండలోని ఎన్జీ కళాశాల మైదానంలోనో, మీ ఊరి బడి ఆవరణలోనో చదునైన నేల చూసుకుని, పెడళ్ళను నెట్టకుండా అవి తిరుగుతుంటే పాదాలు వాటి వెంట పోతున్నాయన్నంత తేలికగా తొక్కండి. పాదం పెడల్‌ను విడవకూడదు, అదిమి పట్టకూడదు. చక్రం సాఫీగా, కుదుపుల్లేకుండా తిరగడం మొదలైతే బరువు సీటు మీదికి వచ్చిందని గుర్తు.

కూర్చోవడానికీ పద్ధతి ఉంది. ఎక్కగానే సీటు వెనక భాగం మీదికి జరిగి, ఎముకలు రెండూ ఆనేలా సర్దుకోండి. పొట్ట కండరాలను కొద్దిగా బిగబట్టి, వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా ఉంచండి. చూపు చక్రం ముందు నేల మీద కాక ఇరవై అడుగుల దూరంలో ఉండాలి. కిందికి చూస్తే నడుము ముందుకు వంగి, బరువు మెత్తటి భాగం మీదికి జారిపోతుంది. మగవారు ఎక్కిన మొదటి నాలుగైదు తొక్కుల్లోనే లోపల నలగకుండా సర్దుకోవడం అవసరం. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఎక్కడానికి ముందే బిగుతైన నిక్కరులో పైకి సర్దుకుంటే నడిరోడ్డు మీద ఆ పని పడదు.

పాదాలు నేరుగా ముందుకు చూడాలి. బొటనవేళ్ళు బయటికి తిరిగితే మడమలు క్రాంకులకు తగులుతాయి, లోపలికి తిరిగితే మోకాళ్ళు దగ్గరికి వచ్చి తొడలు సీటుకు రాసుకుంటాయి.

సీటు మీద నిండుగా కూర్చోవడం వచ్చాక, దానికి పూర్తిగా ఎదురుగా ఉండే రెండో విద్య మొదలుపెట్టండి: అప్పుడప్పుడూ లేవడం. సీటు ముందు కొసన చేత్తో పట్టుకునే పిడి ఉంటుంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని పైకి లాగుతూ, పెడళ్ళు రెండూ నేలకు సమాంతరంగా వచ్చే క్షణాన బరువు కాళ్ళ మీదికి తెచ్చి, సీటు నుంచి రెండు వేళ్ళ మందం మాత్రం లేవండి. అలా నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ కూర్చోండి. ఆ కాస్త వ్యవధిలోనే నలిగిన చోటికి రక్తం వెళుతుంది. కరెంటు స్తంభాలను గుర్తుగా పెట్టుకుని, మూడు స్తంభాలు దాటాక ఒకసారి లేచేలా అలవాటు చేసుకోండి. నొప్పి వచ్చాక లేవడం కంటే ముందే లేవడం వందరెట్లు మేలు. పిడి పట్టే చేతిని కూడా మారుస్తూ ఉండండి. ఎప్పుడూ ఒకే చెయ్యయితే నడుము ఒక వైపే మెలితిరిగి, మళ్ళీ ఒక తొడే ఒరుసుకుంటుంది.

దిగడానికి వెనుకాడకండి

చాలామంది నొప్పి పుట్టినా దిగకపోవడానికి కారణం మళ్ళీ ఎక్కలేమన్న భయం. గోడో, స్తంభమో, ఎవరి భుజమో దొరికితే తప్ప ఎక్కలేనివారు దిగితే ఇంటిదాకా తోసుకుంటూ నడవాలి. అందుకని పళ్ళు బిగబట్టి తొక్కుతూనే ఉంటారు. ఆసరా లేకుండా ఎక్కడం నేర్చుకోవడం సీటు సుఖానికి సంబంధించిన విద్యే. సీటు కాళ్ళ మధ్య పెట్టుకుని, వెనకవైపున్న పెడల్ మీద ఒక పాదం తేలికగా ఉంచి, బరువు సీటు మీదికి తెస్తూ రెండో పాదాన్ని ముందు పెడల్ మీదికి వేయాలి. వెనక పెడల్‌ను గట్టిగా తొక్కితే చక్రం మీ మీదికే వస్తుంది. వారం రోజులు పొద్దున్నే పది నిమిషాలు దీనికే కేటాయించండి.

అది వచ్చాక నాలుగు కిలోమీటర్లలో కనీసం రెండుసార్లు దిగండి. దిగేటప్పుడు వెనక్కి దిగుతూ ముందు పిడిని చేత్తో పట్టుకుంటే బండి పడదు, సీటు కవరు చిరగదు. యాభై అడుగులు నడిచి మళ్ళీ ఎక్కండి.

మన రోడ్లు, మన టైరు

జాతీయ రహదారుల జోలికి పోకండి. 44వ నంబరు, 65వ నంబరు రహదారుల మీద లారీల గాలికే ఒంటిచక్రం తడబడుతుంది. లోపలి రోడ్లు, చెరువు కట్టలు, కాలనీ వీధులు మేలు.

వాన నీరు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మనం ఎడమ పక్కన వెళ్తాం కనుక చక్రం ఎప్పుడూ ఎడమ వాలులో ఉంటుంది. బండి పక్కకు లాగుతుంటే మనకు తెలియకుండానే నడుము తిప్పి సరిచేస్తూ ఉంటాం. కిలోమీటర్ల పాటు ఇలా సాగితే సీటు తిన్నగా ఉన్నా ఒక వైపే మంట పుడుతుంది. వాలు తక్కువున్న రోడ్డు ఎంచుకోవడం మొదటి మందు. అది కుదరనప్పుడు తరచూ దిగి నడుము సడలించుకోవాలి.

ఒంటిచక్రానికి స్ప్రింగులు లేవు. గుంత కుదుపు నేరుగా సీటులోకే వస్తుంది, దాన్ని మింగగలిగేది టైరులోని గాలి ఒక్కటే. టైరు పక్కన రాసి ఉన్న గాలి లెక్కలో పై అంకె దాకా కొట్టించకండి. కింది అంకెకు దగ్గరగా మొదలుపెట్టి చూడండి. మరీ తగ్గితే చక్రం తనంతట తాను పక్కకు తిరగడం మొదలవుతుంది, అప్పుడు కొంచెం కొట్టించండి. స్పీడు బ్రేకరు రాగానే చెప్పానే, ఆ రెండు వేళ్ళ మందం లేవడం, అలా లేచి దాటండి. కూర్చుని దాటితే ఆ ఒక్క దెబ్బ రోజంతా గుర్తుంటుంది.

వానాకాలం కోతలప్పుడు, యాసంగి కోతలప్పుడు మన జిల్లాల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. వడ్ల గింజల మీద చక్రం జారుతుంది. దిగి, పక్క నుంచి నడిపించుకుని వెళ్ళండి. అది రైతు కష్టార్జితం, మీకు కూడా అదొక విరామం.

బట్టలు, చెమట

జీన్సు వద్దు. గజ్జల్లో నాలుగు కుట్లు కలిసే చోటు సరిగ్గా మీరు కూర్చునే చోటే. నూలు లోదుస్తులు చెమటను పీల్చి తడిగానే ఉండిపోతాయి, తడి బట్ట ఆకురాయిలా చర్మాన్ని గీస్తుంది. సైకిల్ తొక్కేవారి కోసం లోపల మెత్త కుట్టిన బిగుతు నిక్కర్లు దొరుకుతాయి. ఇందులో డబ్బుకు వెనుకాడకండి, సీటు కంటే ముందు దీనికే ఖర్చు పెట్టండి. లోపల ఇంకేమీ వేసుకోకుండా నేరుగా చర్మానికి తగిలేలా తొడుక్కోవాలి. లోదుస్తుల మీద వేసుకుంటే ఆ కుట్లే మళ్ళీ ఒరుసుకుంటాయి. బిగుతు నిక్కరుతో వీధిలోకి రావడానికి ఇబ్బందిగా ఉంటే పైన పలుచటి ట్రాక్ ప్యాంటు వేసుకోండి. అమ్మాయిలు లెగ్గింగు లోపల ఇదే నిక్కరు వేసుకోవచ్చు. చున్నీ, వదులు పైజామా అంచు, పొడవాటి షూ లేసులు క్రాంకుకు చుట్టుకుంటాయి, వాటిని బిగించి కట్టండి.

ఒరుసుకునే చోట ఎక్కే ముందే పలుచగా వాజిలైన్ రాయండి. కొబ్బరి నూనె కూడా పనికొస్తుంది కానీ తొందరగా ఇంకిపోతుంది. పౌడరు చెమటతో కలిసి ఉండలు కట్టి ఇంకా గీరుతుంది, నేను వద్దంటాను.

నల్లగొండ ఎండల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. రాష్ట్రంలో ఎక్కువ వేడి నమోదయ్యే చోట్లలో అదొకటి. మార్చి దాటాక తెల్లవారుజామున వెలుగు రాగానే బయలుదేరి, ఏడింటికల్లా ఇంటికి చేరండి. బండిని ఎండలో ఆపితే సీటు మీద తడి తువ్వాలు కప్పండి. నల్ల రెక్సిన్ మీద కూర్చునే ముందు అరచెయ్యి పెట్టి చూడండి. ఇంటికి రాగానే నిక్కరు విప్పి స్నానం చేయండి. ఆ నిక్కరును ఉతకకుండా రెండోసారి తొడగవద్దు. లోపలి మెత్త పూర్తిగా ఆరడానికి తిరగేసి ఎండలో వేయండి.

ఇప్పుడు సీటు సంగతి

ఇవన్నీ చేసి రెండు మూడు వారాలు తొక్కాక కూడా తిమ్మిరి వస్తుంటే అప్పుడు సీటును మార్చే ఆలోచన చేయండి. జెల్ కవరు ఎందుకు వద్దంటున్నానంటే, మెత్తదనం ఎక్కువైతే ఎముకలు అందులోకి దిగబడి, మధ్యనున్న మెత్త పైకి ఉబికి సరిగ్గా నొక్కకూడని చోటే నొక్కుతుంది. పైగా ఆ కవరు కదులుతుంటుంది. కదిలేది ఏదైనా ఒరుసుకుంటుంది.

దీనికి మన ఊళ్ళలోనే మంచి వైద్యుడున్నాడు: మోటారు సైకిల్ సీట్లు కుట్టే పనివాడు. ముందు వెనకల పిడి, రక్షణ ప్లాస్టిక్ ముక్కలు మరలు విప్పి తీసి, సీటు ఒక్కటే పట్టుకెళ్ళండి. అడుగున స్టేపుల్ పిన్నులు స్క్రూడ్రైవరుతో లేపితే కవరు వచ్చేస్తుంది, లోపల ఫోము బయటపడుతుంది. అతను మొట్టమొదట "బండి సీటులాగా మెత్తగా, వెడల్పుగా వేస్తాను సార్" అంటాడు. "వద్దన్నా, వెడల్పు పెంచితే తొడలు ఆడవు. ఎత్తూ పెంచవద్దు. మధ్యలో గాడి మాత్రం తీయండి" అని చెప్పండి. ఎక్కడ తీయాలో మీరే స్కెచ్ పెన్నుతో గీసివ్వండి. ముందు కొసకు నాలుగు వేళ్ళ దూరంలో మొదలై, సీటు నడిమి దాటేదాకా, రెండు వేళ్ళు పట్టే వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటరు లోతు. పదునైన బ్లేడుతో ఒకేసారి కోయకుండా పొరలు పొరలుగా తీయమనండి. తీసిన ఫోమును తిరిగి అతికించడం కష్టం. మధ్యలో ఒకసారి కవరు లేకుండానే కూర్చుని చూడండి. వెనక భాగంలో ఎముకలు ఆనే చోట ఫోము అణిగిపోయి ఉంటే అక్కడ గట్టి ఫోము ముక్క అతికించాలి, మెత్తది కాదు. పై కవరుకు జారుడు లేని పలుచటి రెక్సిన్ ఎంచుకుని, కూర్చునే చోట ఒక్క కుట్టు కూడా రాకుండా లాగి అడుగునే పిన్నులు కొట్టించండి. ముడత ఒక్కటి మిగిలినా అది తొడకు తగులుతుంది. అక్కడే నిలబడి మళ్ళీ లాగించండి.

ఫోము బదులు చిన్నపిల్లల 12 అంగుళాల సైకిల్ ట్యూబును మడిచి కవరు లోపల పెట్టి, గాలి కొట్టుకునే వాల్వు బయటికి తీసే పద్ధతి కూడా పాత తరం ఒంటిచక్రం తొక్కేవారిలో ఉంది. గాలి తక్కువగా ఉంటేనే హాయి. ఎక్కువైతే సీటు అటూ ఇటూ దొర్లినట్టుంటుంది.

దూరం పెంచాలనుకుంటే

20 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 1.6 మీటర్లు పోతుంది. పానగల్ చేరడానికి సుమారు 2,500 చుట్లు. 24 అంగుళాలయితే 2,100, 29 అయితే 1,700, 36 అంగుళాల పెద్ద చక్రానికి 1,400 చుట్లు చాలు. ఒక్కో చుట్టుకు తొడలు సీటుకు రాసుకునే లెక్క వేసుకుంటే చక్రం పెద్దదైన కొద్దీ ఒరిపిడి ఎంత తగ్గుతుందో అర్థమవుతుంది. బ్రిటన్‌కు చెందిన ఎడ్ ప్రాట్ 2015లో బయలుదేరి 2018 దాకా ఒంటిచక్రం మీద ప్రపంచం చుట్టివచ్చింది 36 అంగుళాల చక్రంతోనే. మీరు నేరుగా దాని మీదికి వెళ్ళకండి, ఎక్కడం దిగడం రెండూ కష్టం. 20 మీద ధీమా వచ్చాక 24 లేదా 26, ఆ తర్వాత 29.

క్రాంకులు పొట్టివి వేసుకుంటే కాళ్ళు చిన్న వలయంలో తిరుగుతాయి, నడుము ఊగడం తగ్గుతుంది. 150 మిల్లీమీటర్ల నుంచి 125కు మారితే పెడల్ అడుగు స్థానం 25 మిల్లీమీటర్లు పైకి వస్తుంది కాబట్టి సీటునూ అంతే పెంచాలి. ఇది మరచిపోయి సీటు పాడైందనుకునేవారు చాలామంది. ఎత్తు ఎక్కేటప్పుడు బలం ఎక్కువ పెట్టాలి, వాలులో చక్రాన్ని కాళ్ళతో ఆపడమూ కష్టమవుతుంది. చదునైన రోడ్డు మీద అలవాటయ్యాకే గుట్టల వైపు వెళ్ళండి. గంటకు మించి తొక్కేవారు సీటు ముందు భాగానికి బిగించే హ్యాండిల్ కడ్డీ తెప్పించుకోవచ్చు. దాని మీద చేతులు ఆనించి కొద్దిగా ముందుకు వాలితే బరువులో కొంత చేతులకు పోతుంది. అప్పుడు సీటు ముందువైపు లేపి ఉంచకూడదు, వేసిన వాషర్లు తీసి సమంగా పెట్టుకోండి.

పుండు పడితే, తిమ్మిరి పోకపోతే

చర్మం కందిపోతే రెండు రోజులు బండి ముట్టుకోకండి. చిన్న కురుపు లేస్తే గిల్లవద్దు, నొక్కవద్దు. గోరువెచ్చని నీటితో కాపడం పెట్టి, వదులు బట్టలు వేసుకోండి. సెగ్గడ్డలా పెరిగినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి.

గజ్జల్లో గుండ్రంగా, అంచులు ఎర్రగా, దురదతో మచ్చలు వస్తే అది ఒరిపిడి కాదు, తామర. మన వేడికి, చెమటకు ఇది చాలా మామూలు. మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి, ఆ తర్వాత ఇంకా విస్తరిస్తుంది, లొంగడం కష్టమవుతుంది. చర్మ వైద్యులు రాసిచ్చిన మందే, వారు చెప్పినన్ని రోజులూ వాడండి.

తిమ్మిరి దిగిన కొద్ది నిమిషాల్లో పోవాలి. గంటలు గడిచినా పోకపోతే, మూత్రానికి వెళ్ళేటప్పుడు మంటో రక్తమో కనిపిస్తే, స్పర్శ తగ్గినట్టనిపిస్తే తొక్కడం పూర్తిగా ఆపి యూరాలజీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఒంటిచక్రం తొక్కుతారన్న సంగతి, రోజుకు ఎంతసేపు తొక్కుతారన్నది మొదటే చెప్పండి. చెప్పకపోతే కారణాన్ని వేరేచోట వెతకాల్సి వస్తుంది.